తలవైపు మూడు కొక్కేలు

ఆసుపత్రిలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. బట్టల గది అక్క అంటారు. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి గేటు కాపలాదారు దాకా అందరికీ నేను అక్కనే. దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గౌన్లు, మంచాల చుట్టూ వేలాడే కర్టెన్లు, అన్నీ నా చేతుల మీదుగానే వార్డులకి వెళ్తాయి, నా చేతుల మీదుగానే ఉతుక్కి వస్తాయి. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. అక్కకి నోరెక్కువ, కోపం ముక్కు మీదే ఉంటుంది అని నా వెనకాల చెప్పుకుంటారు. ముందు చెప్పినా నేను కాదనను. బట్ట మీద మరక కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ మంట ఊరికే రాలేదు. మా అమ్మ చిన్న ఆపరేషన్‌కని వేరే ఆసుపత్రిలో చేరి, కుట్లు చీము పట్టి పోయింది. నాకప్పుడు ఇరవై, చెల్లికి ఆరు. అమ్మ మంచం పక్కన వేలాడే కర్టెన్ అంచు నాకింకా కళ్లకి కట్టినట్టు ఉంది. ఎవరెవరి చేతులో తగిలి తగిలి నల్లగా, జిడ్డుగా, అట్ట కట్టి ఉండేది. నర్సు పక్క మంచం మనిషి పుండు కడిగి, అదే చేత్తో ఆ అంచు పట్టుకుని లాగి, మా అమ్మ దగ్గరికి వచ్చేది. డాక్టర్లు ఏవేవో పేర్లు చెప్పారు. నాకు మాత్రం ఆ అంచే కనిపించింది. ఆ తర్వాత చెల్లిని నేనే పెంచాను. జడలేసి, బడికి పంపి, పెళ్లి చేసేదాకా. సన్నగా ఉండేదని పిచ్చుకా అని పిలిచేదాన్ని, ముప్పై దాటినా అదే పిలుపు. నాకు పిల్లలు లేని లోటు తెలియకుండా పోయిందంటే తన వల్లే.

ఇప్పుడు చెప్పబోయేది అర్ధరాత్రి జరగలేదు. కరెంటు పోలేదు, వాన పడలేదు. మధ్యాహ్నం రెండున్నర, కిటికీ బయట మంచి ఎండ. "నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు కానీ" అని మొదలుపెట్టేవాళ్లని చూస్తే నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు నేనూ అలాగే మొదలుపెడుతున్నాను.

ముందు కర్టెన్ల సంగతి చెప్పాలి. ఆడవాళ్ల సర్జరీ వార్డులో ఆరు మంచాలు. ఐదింటి కర్టెన్లు మామూలుగా పాతబడేవి. నాలుగో మంచానిది మాత్రం చిరిగిపోయేది. కొత్తది వేసిన నెలకి ఒకసారి, ఇంకోసారి పది రోజులకే. చిరుగు ఎప్పుడూ ఒకే చోట, పడుకున్న మనిషి చెయ్యి చాపితే అందేంత ఎత్తులో, నిలువుగా. మేకు తగిలి చిరిగింది కాదు, ఎలుక కొరికింది కాదు. పోగులన్నీ బయటివైపుకి తోసినట్టు ఉండేవి. నేను బట్టని తిట్టాను, నర్సుల్ని తిట్టాను, ఆ మంచం మీద పడుకున్న పేషెంట్లని కూడా తిట్టాను. ఎందుకు చించావమ్మా అని ఒక్కళ్లనీ అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

చివరికి సూపరింటెండెంట్ గారు విసిగిపోయారు. "వార్డు మొత్తానికి కొత్తవి కొందాం అక్కా. బట్ట మీరే ఎంచండి. మళ్లీ నా దగ్గరికి చిరుగుల గొడవ తేవద్దు" అన్నారు.

కంపెనీ మనిషి రెండు సంచుల నిండా శాంపిళ్లు తెచ్చాడు. వాడి పారేసే రకం ముందు తీశాడు. కాగితంలా గరగరలాడింది. మూడు నెలలకోసారి తీసి పారెయ్యడమే, తేదీ రాసుకోవడానికి చీటీ కూడా ఉంది అన్నాడు. చీటీ మీద తేదీ దిద్దేసి ఆరు నెలలు వాడే మహానుభావులు మా దగ్గర ఉన్నారు, అది వద్దన్నాను. రెండోది మెత్తగా ఉంది, అయోడిన్ పోసి ఒక రాత్రి ఉంచితే మరక పోలేదు. మూడోది లైటర్ దగ్గర పెడితే ముడుచుకుని కరిగింది. నాలుగోది బాగుంది. పైన మూర పొడవు జాలీ, గాలీ వెలుతురూ రావడానికి, నిప్పు అంటుకుంటే పైకప్పు నుంచి నీళ్లు లోపల పడటానికి. కింద అంచు నేలకి జానెడు పైన ఆగుతుంది, తుడుపుగుడ్డ తగలదు. మరిగే నీళ్లలో వంద ఉతుకులు ఉతికినా రంగు మారదట. బట్ట మీద ఏదో పూత, క్రిములు నిలవవట.

"చిరుగుతుందా?" అన్నాను.

"ఇద్దరు మనుషులు చెరో పక్క పట్టి లాగినా చిరగదక్కా."

సరే, చూద్దామన్నాను. ఒక పక్క నేను, ఇంకో పక్క అతనూ కాపలాదారూ. నా బరువు ఎనభై రెండు కిలోలు, దాచుకునేదేమీ లేదు. నేను వెనక్కి వాలి ఒక్క గుంజు గుంజేసరికి ఇద్దరూ వచ్చి నా బల్ల మీద పడ్డారు. బట్ట మాత్రం అలాగే ఉంది. నాకు అప్పుడు కలిగిన సంతోషం ఏమని చెప్పను. ఇదే కావాలన్నాను.

పేచీ అంతా కొక్కేల దగ్గర వచ్చింది. అతను తెల్లటి ప్లాస్టిక్ కొక్కేలు చూపించి, "మనిషి బరువు పడితే వాటంతటవే ఊడిపోతాయక్కా, భద్రత కోసం" అన్నాడు.

"ఊడిపోయే కొక్కెం ఎందుకయ్యా? ఊడకుండా ఉండటానికే కదా కొక్కెం."

"ఆసుపత్రికి ఇవే మంచివక్కా. ఎవరైనా కర్టెన్‌లో చిక్కుకుంటే..."

"కర్టెన్‌లో చిక్కుకోవడానికి వాళ్లేమైనా చేపలా? గట్టివి ఇవ్వు."

అతను అడుగు సంచిలోంచి ఉక్కు కొక్కేలు తీశాడు. ఒక్కోదానికి చిన్న తాళం నాలుక ఉంది. గోటితో నొక్కి పక్కకి తిప్పితేగాని రాదు. మీరే కోరారని సంతకం పెట్టాలన్నాడు. పెట్టాను. నా చేతిరాత చాలా బాగుంటుంది.

కొత్తవి తగిలించిన రోజు నిచ్చెన ఎక్కి నేనే చూసుకున్నాను. వార్డంతా కళకళలాడింది. రెండోరోజు వెళ్లి చూస్తే నాలుగో మంచం దగ్గర తలవైపు మూడు కొక్కేలు పైన అవి జారే పట్టీలోంచి తీసేసి ఉన్నాయి. ఆ మూల కర్టెన్ వాలిపోయి, మనిషి దూరేంత సందు. పాత కర్టెన్లకి కూడా అదే మూల అలాగే ఉండేదని అప్పుడు గుర్తొచ్చింది. ఊడిపోయాయనుకుని నేను ఎన్నిసార్లు బిగించానో లెక్కలేదు. ఇవి ఊడిపోయే రకం కాదు కదా. ఎవరో పనిగట్టుకుని తీశారు.

ఆ వార్డు ఆయాని అందరూ పెద్దమ్మా అంటారు. నాకంటే ముందు నుంచి ఉంది. పిలిచి అడిగాను.

"నేనే తీశాను అమ్మాయ్" అంది, తుడుపుకర్ర ఆపకుండా. "ఆ మంచానికి ఎప్పుడూ తీసే ఉంచుతాం."

"ఎందుకు?"

"దారి ఉండాలని."

"ఎవరికి దారి? డాక్టర్లు కాళ్లవైపు నుంచి వస్తారు కదా."

పెద్దమ్మ కర్ర ఆపి, గొంతు బాగా తగ్గించింది. "కర్టెన్ మూశాక లోపల ఒక్కోసారి ఇద్దరుంటారు. దారి ఉంటే రెండోది దాని దారిన అది పోతుంది. లేకపోతే ఊరుకోదు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేతకానితనానికి ఈ వయసులో ఇలాంటి కబుర్లా అన్నాను. నలుగురి ముందు అన్నాను. నిచ్చెన తెప్పించి, ఆ మూడు కొక్కేలూ తగిలించి, తాళం నాలుకలు తిప్పేశాను. మళ్లీ తీస్తే సూపరింటెండెంట్ గారికి చెప్తానన్నాను. ఆవిడ తుడుపుకర్ర తీసుకుని వెళ్లిపోయింది.

ఆ వారంలోనే పిచ్చుకకి కడుపునొప్పి వచ్చింది. పిత్తాశయంలో రాళ్లన్నారు. చెల్లి మొగుడు డ్యూటీ మీద ఊళ్లో లేడు, అన్నీ నేనే చూశాను. ఆపరేషన్ బాగా జరిగింది. ఏ మంచం ఇమ్మంటారు అని నర్సు అడిగితే, కర్టెన్ వేశాక ఇంకా ఎవరూ పడుకోని మంచం నాలుగోదే కదా అని లెక్క వేసుకున్నాను. ఒక్క చెయ్యి మురికి కూడా తగలని బట్ట. మా అమ్మకి దొరకనిది నా చెల్లికి ఇస్తున్నానని గర్వంగా అనిపించింది. నాలుగో మంచం ఇమ్మని నా నోటితో నేనే చెప్పాను.

మర్నాడు పొద్దున వెళ్తే తన మొహం పీక్కుపోయి ఉంది.

"నిద్ర పట్టలేదక్కా. మంచం ఒక పక్కకి వంగుతోంది."

"మత్తుమందు ఇంకా దిగలేదు, అందుకే."

"పగలు కర్టెన్ తీసి ఉంచమనవా? లోపల ఊపిరాడ్డం లేదు."

"పైన జాలీ ఉంది, గాలి ఎందుకు రాదు? తీస్తే పక్కవాళ్ల దగ్గులూ దుమ్మూ నీ కుట్ల మీదే పడతాయి. నోరు మూసుకుని పడుకో" అన్నాను. తను పాపం మూసుకుంది. చిన్నప్పటి నుంచీ నా మాట జవదాటి ఎరగదు.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా వార్డులో విశ్రాంతి. కిటికీల తడకలు దించి, లైట్లు తగ్గించి, అన్ని కర్టెన్లూ మూసేస్తారు. ఆ రోజు మంచాలు సగం ఖాళీ. ఒకటో మంచం మీద చెవులు వినపడని ముసలావిడ, ఆరో మంచం మీద అప్పుడే థియేటర్ నుంచి తెచ్చిన పిల్ల, మత్తులో ఉంది. తలుపు దగ్గర బల్ల ముందు పొడుగు నర్సు ఏదో రాసుకుంటోంది. పెద్దమ్మ చివర బాత్‌రూమ్‌లో బకెట్లు కడుగుతోంది. నేను చెల్లికి ఉతికిన దుప్పటి తీసుకుని లోపలికి వెళ్లాను.

ఫినాయిల్ వాసన, స్పిరిట్ వాసన, కొత్త బట్ట వాసన. నాకు ఇష్టమైన వాసనలవి. నాలుగో మంచం దగ్గరికి వచ్చేసరికి వాటి కింద ఇంకోటి తగిలింది. తడి బ్యాండేజీని రోజుల తరబడి విప్పకుండా ఉంచితే వచ్చే వాసన. చెల్లి కుట్లు చీము పట్టాయా అని ముందు భయపడ్డాను.

అంతలో పైన కొక్కేలు కదిలాయి. కిణుక్... కిణుక్... ఫ్యాను ఆగి ఉంది. గాలి లేదు. ఒక కొక్కెం, దాని పక్కది, దాని పక్కది, మంచం చుట్టూ వరసగా.

"పిచ్చుకా" అన్నాను మెల్లగా. "మేలుకునే ఉన్నావా?"

"అక్కా..." గొంతు చాలా నీరసంగా ఉంది. "కొంచెం జరగమను."

"ఎవరిని?"

"పక్కన పడుకున్నావిడని."

చేతిలో దుప్పటి జారిపోయింది.

నేను కర్టెన్ రెండు అంచులు కలిసే చోట చెయ్యి పెట్టి లాగాను. రాలేదు. అంచులు ఒకదానికొకటి మెలికపడి ఉన్నాయి. ఇంకా గట్టిగా లాగాను. అప్పుడు బట్ట మొత్తం... లోపలికి పీల్చుకుంది. నాలుగు వైపుల నుంచీ ఒకేసారి. మంచం ఆకారం కనిపించింది, దిండు ఆకారం కనిపించింది. దిండు మీద రెండు తలల ఆకారం కనిపించింది.

చెల్లి అరుపు సగంలో తెగిపోయింది.

కింద జానెడు ఖాళీ ఉంది కదా, నేల మీద పడి అందులోంచి దూరబోయాను. భుజాలు లోపలికి వెళ్లాయో లేదో, అంచు నా వీపు మీద కర్రలా పడింది. మళ్లీ పడింది. నా జుట్టు ఎవరో పిడికిట పట్టి తలెత్తి, మంచం ఇనుప కాలికేసి కొట్టారు. నోట్లో ఏదో విరిగింది. ముందు పన్ను. రెండోసారి కొట్టినప్పుడు కనుబొమ పగిలి కంట్లోకి రక్తం కారింది. మూడోసారి కొట్టాక కాళ్లు పట్టి ఈడ్చినట్టు బయటికి విసిరేసింది. ఎనభై రెండు కిలోల దాన్ని, తడిగుడ్డని విసిరినట్టు విసిరేసింది.

పొడుగు నర్సు పరుగెత్తుకొచ్చింది. "ఏమైందక్కా" అంటూ కర్టెన్ మీద చెయ్యి వేసింది. లోపల నుంచి బట్ట పిడికిలంత ఉబ్బి, ఆ అమ్మాయి మొహం మీద కొట్టింది. వెనక్కి ఎగిరి సెలైన్ స్టాండు మీద పడింది. స్టాండు కొక్కెం నుదుటి మీద చీరుకుపోయింది. ఆ అమ్మాయి జేబులో కత్తెర నా కాళ్ల దగ్గరికి జారుకుంటూ వచ్చింది.

కత్తెర తీసుకుని బట్టలో పొడిచాను. దిగలేదు. మడత పట్టుకుని కొయ్యబోయాను. జారిపోయింది. రెండు చేతులూ పెట్టి నొక్కితే కత్తెర అలుగులు విడిపోయి ఒంకర తిరిగాయి, బట్ట మీద గీత కూడా పడలేదు. నేను ఎంచిన బట్ట. నేను లాగి చూసి మురిసిపోయిన బట్ట.

అప్పుడు నా కళ్ల ముందు, నడుము ఎత్తులో, లోపలి నుంచి వేళ్లు కనిపించాయి. బట్టని గోళ్లతో గీకుతున్నాయి. పై నుంచి కిందికి. పై నుంచి కిందికి. దాని పక్కనే ఒక నోరు. తెరిచిన నోరు, బట్ట అందులోకి లాక్కుపోయి గుంట పడింది. అది చెల్లి నోరు.

ఆ ఎత్తు నాకు తెలుసు. ఇన్నేళ్లుగా చిరుగులు పడింది అక్కడే. ఆ ఆడవాళ్లెవరూ బట్ట పాడుచెయ్యలేదు. ఊపిరి కోసం చించుకున్నారు. బట్ట నాసిరకం కాబట్టి చిరిగింది, చిరిగింది కాబట్టి బతికారు. నేను వచ్చి చిరగని బట్ట తెచ్చాను.

బట్ట మెలి తిరగడం మొదలైంది. దుప్పటి పిండేటప్పుడు చెరో కొస పట్టుకుని తిప్పుతామే, అలా. మంచం కాళ్లు నేల మీద కీచుమన్నాయి. పైన అల్యూమినియం పట్టీ వంగింది, సున్నం పెచ్చులు రాలాయి. కొక్కెం ఒక్కటి ఊడలేదు. ప్లాస్టిక్‌వి అయితే ఈపాటికి అన్నీ రాలిపోయి ఉండేవి.

"కొక్కేలు తియ్యి" అని వెనక నుంచి పెద్దమ్మ కేకేసింది. "తలవైపువి తియ్యి అమ్మాయ్, ముందు అవి తియ్యి."

పక్క బల్ల మీదికి ఎక్కాను. ఎలా ఎక్కానో తెలీదు. కళ్లలో రక్తం. మొదటి కొక్కెం నాలుక గోటితో నొక్కాను. గోరు లేచిపోయింది. వేలితో నొక్కి తిప్పాను. వచ్చింది. రెండోదానికి చెయ్యి వెయ్యగానే బట్ట ఎగిసి నా చెంప మీద కొట్టింది, చెవిలో హోరు. పెద్దమ్మ బల్ల మీదికి చెయ్యి చాపి ఆ మడతని పట్టుకుని పక్కకి లాగింది. "నేను పట్టుకుంటా, నువ్వు తియ్యి" అంది. బట్ట ఆవిడ చేతి చుట్టూ చుట్టుకుంది. వేళ్లు విరిగిన చప్పుడు వినిపించింది, ఒకటి, రెండు, ఇంకోటి. పెద్దమ్మ పళ్లు బిగించింది గాని వదల్లేదు. రెండోది వచ్చింది.

మూడోది తీశాక ఆ మూల వాలింది. బెత్తెడు సందు పడింది. లోపల చీకటి.

ఆ చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చింది.

నేను ఆలోచించలేదు. ఎవరైనా ఆలోచిస్తారా? ఎడమచేత్తో పట్టుకున్నాను. చల్లగా ఉంది. వేళ్లు నా మణికట్టు చుట్టూ బిగుసుకున్నాయి. "పట్టుకో పిచ్చుకా, వదలకు, నేనున్నా" అంటూ లాగాను. బరువుగా ఉంది. నా చెల్లి ఇంత బరువు ఎప్పుడూ లేదు. గోడకి కాలు తన్నిపెట్టి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగాను. ఏదో తెగినట్టు ఒక్కసారిగా వచ్చేసింది. బల్ల మీద నుంచి వెనక్కి పడ్డాను. నా మీద అదీ పడింది. గుండెల మీద బరువు, మొహం మీద తడి జుట్టు, ఆ బ్యాండేజీ వాసన. కళ్లు మూసుకుని రెండు చేతులతో గట్టిగా కావలించుకున్నాను. "అయిపోయిందమ్మా, అయిపోయింది" అన్నాను.

కళ్లు తెరిస్తే నా చేతుల్లో ఎవరూ లేరు.

మిగతా కర్టెన్ మామూలుగా వేలాడుతోంది. చెల్లి మంచం మీదే ఉంది. బట్ట కొస మెడ చుట్టూ నాలుగు చుట్లు తిరిగి ఉంది, మొహం నీలంగా ఉంది. పెద్దమ్మ విరిగిన వేళ్లతో, పళ్లతో ఆ చుట్లు విప్పుతోంది. నేను కూడా దూకాను. నుదుటి మీద రక్తం కారుతుండగానే నర్సు ఆక్సిజన్ పెట్టింది. ఎంతసేపో తెలీదు. తర్వాత చెల్లి ఛాతీ లేచింది. ఇంకోసారి లేచింది. నేను నేల మీద కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను.

విచారణ జరిగింది. మందుల మత్తులో పేషెంటు కర్టెన్‌లో చిక్కుకుంది, ఉక్కు కొక్కేలు ఊడకపోవడంతో మెడ బిగుసుకుంది, కాపాడబోయి సిబ్బంది జారిపడ్డారు అని రాశారు. కింద నా సంతకం ఉన్న కాగితం జత చేశారు. నన్ను పనిలోంచి పక్కన పెట్టారు. నేనేమీ వాదించలేదు. కంపెనీ మనిషి వచ్చి కర్టెన్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "చూశారా అక్కా, ఒక్క పోగు కూడా తెగ..." అని, నా మొహం చూసి ఆగిపోయాడు.

తొమ్మిది రోజులకి చెల్లిని మా ఇంటికి తెచ్చుకున్నాను. మెడ మీద ఎర్రటి వాతలు, మాట గుసగుసలాగే వస్తోంది. ఆ మధ్యాహ్నం గురించి నేను అడగలేదు. తనే ఒక రోజు అన్నం తింటూ అంది.

"నువ్వు వదలకు, వదలకు అంటుంటే వినిపించిందక్కా. ఎవరితో అంటున్నావో తెలీలేదు."

"నీతోనే. నీ చెయ్యి పట్టుకుని లాగాను కదా."

తను తల అడ్డంగా ఊపింది. "నా చేతులు రెండూ అప్పటికే మెడ దగ్గర చుట్ల కింద ఇరుక్కుపోయాయి. పెద్దమ్మ విప్పేదాకా రాలేదు. అడుగు కావాలంటే."

అడిగాను. చేతికి కట్టుతో తన ఇంటి వాకిట్లో కూర్చుని ఉంది పెద్దమ్మ. చెల్లి చెప్పింది నిజమేనంది. తప్పయిందని ఆవిడ కాళ్ల దగ్గర కూర్చున్నాను. వార్డు ఎలా ఉందన్నాను. ప్లాస్టిక్ కొక్కేలు వేశారంది. నాలుగో మంచం మీద ఇద్దరు పేషెంట్లు మారారు, హాయిగా నిద్రపోయారు, మూల తెరిచి పెట్టాల్సిన పని కూడా లేదంది. అక్కడిక ఏమీ లేదంది.

"అంటే పోయినట్టేనా పెద్దమ్మా?"

ఆవిడ కట్టు ఉన్న చేతిని ఒళ్లోకి తీసుకుంది.

"దారి వదిలితే తనంతట తనే పోయేది, మళ్లీ వచ్చేది" అంది. "మేమెవ్వరం ఎప్పుడూ చెయ్యి ఇవ్వలేదు అమ్మాయ్."

నా ఎడమ మణికట్టు మీద అయిదు వేళ్ల గుర్తులు పడ్డాయి, నల్లగా. నా పన్ను ఊడిన చోట చిగురు మానింది, కనుబొమ కుట్లు విప్పేశారు, ఇవి మాత్రం మానలేదు. మొదటివారం మణికట్టు మీదే ఉన్నాయి. తర్వాత మోచేతి దగ్గర ఉన్నాయి. చెల్లికి చూపించలేదు, ఇంట్లో కూడా పొడుగు చేతుల జాకెట్టే వేసుకుంటున్నాను. ఇవాళ పొద్దున స్నానం చేస్తుంటే చూశాను. భుజం మీద ఉన్నాయి. బొటనవేలు గుర్తు మెడవైపుకి ఉంది.